పొగకి గీత ఎవరు గియ్యాలి

బాయిలర్ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినవాణ్ణి చూస్తే నాకు తెలిసిపోతాది, వీడు నిలుస్తాడా లేదా అని. నవ్వుకుంటూ వచ్చి గేజీ అద్దం మీద వేలితో టకటకా కొట్టి చూసేవాడు నిలవడు. గుమ్మంలోనే ఆగి, ముందు బయటికి పోయే దారి ఎక్కడుందో చూసుకునేవాడు నిలుస్తాడు. భయం ఈ పనికి పనిముట్టు. పార ఎలాగో, నిప్పు ఎగదోసే ఇనప కర్ర ఎలాగో, భయమూ అలాగే. పొద్దున్న డ్యూటీ ఎక్కేటప్పుడు తీసుకోవాలి, సాయంకాలం దిగేటప్పుడు పక్కవాడి చేతిలో పెట్టాలి.

నేను ఐదో తరగతి దాటలేదు. కానీ తొంభైల మొదట్లో పారతో ఎగేసిన మొదటి ఊక మంట ఏ రంగులో లేచిందో ఇప్పుడడిగినా చెప్తాను. మా మిల్లు ఒరిస్సాలో రాయగడ దాటి గుడారి వైపు పోయే రోడ్డు పక్కన ఉండేది. ఉప్పుడు బియ్యం మిల్లు. ధాన్యం నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి ఆడించాలి. ఆ ఆవిరి నా వంతు. మిల్లు కట్టినది సావుకారుగారి తండ్రి, విజయనగరం వైపు నుంచి వచ్చినాయన. ధాన్యం మోసేవాళ్ళు చుట్టుపక్కల కొండ ఊళ్ళ దేశియా వాళ్ళు, యంత్రాల మీద ఉన్నవాళ్ళం ఎక్కువమంది మాలాటి తెలుగోళ్ళం.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నా దగ్గర కూర్చుని, "మావా, వాల్వులూ గొట్టాలూ కాదు, అసలు సంగతి సెప్పు" అంటారు. అసలు సంగతి రెండు భయాలు. ఒకటి నా తప్పు వల్ల వచ్చింది. రెండోది ఎవరి తప్పో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పూజ చేసిన గుండు

నాకు పని నేర్పినాయన అప్పలస్వామి మావ. చుట్టం కాదు, అందరికీ మావే. ఆయన చెవులు పాముచెవులు. గోడ అవతల అంబలి తాగుతూ కూర్చునే, "ఒరే, నీరు తగ్గింది, పంపు తిప్పు" అని అరిచేవాడు. నేను వెళ్ళి గాజు గొట్టంలో చూస్తే నిజంగానే రెండు వేళ్ళు తగ్గి ఉండేది.

మా పాత బాయిలర్‌కి ఆవిరి ఒత్తిడి చూపించే గేజీ మీద ఎర్ర గీత ఉండేది. ఏడాదికోసారి సర్కారు బాయిలర్ ఇన్‌స్పెక్టరు వచ్చి, లోపలికి దూరి, సుత్తితో రేకు మీద కొట్టి విని, నీటితో పరీక్ష పెట్టి, ఇంతకు మించి ఆవిరి ఎక్కకూడదని కాగితం రాసేవాడు. ఆ రాతే ఆ గీత. గీత దాటితే పైనున్న సేఫ్టీ వాల్వు దానంతటదే లేచి ఆవిరిని బయటికి వదిలేస్తాది. దానికి ఒక చెయ్యిలాటి ఇనప కడ్డీ, ఆ కడ్డీ చివర ఒక బరువు. బరువు ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా లేస్తాది. అంతే యంత్రం.

విశ్వకర్మ పూజనాడు మా మిల్లులో అన్నిటికీ పూజ. బాయిలర్‌కి దండ, పారకి బొట్టు, కాటాకి, తూకం గుండ్లకి పసుపు. ఆ ఏడు పూజ మర్నాడు పెద్ద ఆర్డరు మీద పడింది. రెండు తొట్ల ధాన్యం ఒకేసారి ఉడకాలి. మేనేజరు జగ్గారావుగారు వచ్చి నిలబడ్డాడు.

"ఏట్రా, ఆవిరి సాలట్లేదు. వాల్వు ఊరికే ఊసేస్తంది."

"గీత దాటేస్తంది బావూ. అందుకే లేస్తంది."

"ఆ గీత ఇనిస్పెట్రు గీసింది గదా, ఆయనకేటి, భయస్తుడు. కొద్దిగా ఎచ్చుతగ్గులు సూసుకునే గీస్తారు. ఒక్క గంట. ఒక్క గంటకి ఏటవుతాదిరా?"

నేను అటూ ఇటూ చూసేను. గోడ పక్కనే పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టిన పది కేజీల కాటా గుండు ఉంది. నిచ్చెన ఎక్కి దాన్ని తీసుకెళ్ళి వాల్వు కడ్డీకి తగిలించేసేను. ఎందుకో చెప్తాను వినండి. నిన్ననే పూజ చేసిన గుండు కదా, దాని వల్ల చెడు జరగదు అనుకున్నాను. ఉత్త గుండు అయితే తగిలించేవాణ్ణి కాదేమో.

ముల్లు గీత దాటింది. వాల్వు లేవలేదు. ధాన్యం బాగా ఉడుకుతోందని జగ్గారావుగారు భుజం తట్టేడు. అప్పుడు బాయిలర్ లోంచి ఒక మూలుగు మొదలైంది. గొంతు నొక్కిన పశువు మూలిగినట్టు. నా కాళ్ళు అక్కడికక్కడే నిలబడిపోయేయి.

అప్పలస్వామి మావ అంబలి గిన్నె పారేసి పరుగెత్తుకొచ్చేడు. తర్వాత చెప్పేడు, ఆ మూలుగు వినపడి కాదు, లేవాల్సిన వేళకి వాల్వు లేచిన చప్పుడు వినపడలేదని వచ్చేడట. నిచ్చెన ఎక్కడానికి కూడా ఆగలేదు. పొడుగు పార ఎత్తి కింద నుంచే ఆ గుండుని ఒక్క పోటు పొడిచేడు. గుండు వచ్చి నేల మీద పడింది. ఆవిరి అరిచిన అరుపుకి ధాన్యం కళ్ళం లోని ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తేరు. తన్నుకొచ్చిన ఆ ఆవిరికి మావ కుడి చెయ్యి మోచెయ్యి దాకా ఉడికిపోయింది. ఆ చెయ్యి మళ్ళీ పిడికిలి పట్టలేదు. చనిపోయేవరకూ అన్నం ఎడమ చేత్తోనే తిన్నాడు.

ఆసుపత్రిలో ఆయన మంచం దగ్గర ఏడుస్తూ కూర్చున్నాను. "నన్ను కొట్టు మావా" అన్నాను.

"ఏ సేత్తో కొట్టమంటావురా?" అని నవ్వేడు. తర్వాత అన్నాడు. "ఆవిరి కావలసినోడి సేతిలో గీత పెట్టకూడదురా. సావుకారికి కావాల, జగ్గారావుకి కావాల, మెప్పు కోసం నీకూ కావాల. ముగ్గురూ మంచోళ్ళే. ముగ్గురూ కలిసి అందర్నీ సంపేద్దురు. ఆవిరితో పని లేనోడు వచ్చి గియ్యాల గీత."

తర్వాతి ఏడు ఇన్‌స్పెక్టరు ఆ వాల్వు మార్పించేడు. కొత్తదానికి సీసం సీలు వేసి, ఎవరూ ముట్టుకోకుండా చేసేడు. జగ్గారావుగారు వారం రోజులు గొణిగేడు. నేను మాత్రం ఆ సీలు చూసుకుని రోజూ డ్యూటీ ఎక్కేవాణ్ణి. చట్టం అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే, నా లెక్కలో అది ఆ సీసం ముద్ద. దాని వల్ల నా ఉద్యోగం పోలేదు, మిల్లు మూతపడలేదు. కొద్దిగా ధాన్యం ఆలస్యంగా ఉడికింది, అంతే.

మసి ఎక్కడికి పోయింది

ఆ తర్వాత సావుకారుగారు తవుడు నూనె ప్లాంటు పెట్టేరు. ఊక చాలలేదు. రాయగడ స్టేషన్‌లో దింపిన బొగ్గు లారీల్లో మిల్లుకి రావడం మొదలైంది. బొగ్గు పొగ నల్లగా, బరువుగా ఉండేది. మా క్వార్టర్ల ముందు ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన మినప వడియాల మీద మసి పడేది. నా భార్య పైడమ్మ ఊరుకునే మనిషి కాదు. కంచంలో నల్లమచ్చల వడియాలు వేయించి పెట్టి, "తిను. నువ్వొండిందే" అనేది.

కాలుష్యం ఆఫీసోళ్ళు రావడం అప్పుడే మొదలైంది. వాళ్ళ దగ్గర ఒక అట్ట ఉండేది, దాని మీద తెలుపు నుంచి నలుపు దాకా గళ్ళు. చిమ్నీ వైపు చూసి, పొగని ఆ గళ్ళతో పోల్చుకుని, ఇంత నలుపు దాటకూడదని చెప్పేరు. వాళ్ళు వస్తున్నారని తెలిస్తే నేనేం చేసేవాణ్ణో కూడా చెప్తాను, దాచడమెందుకు. బొగ్గు ఆపి రెండు గంటలు పొడి ఊక వేసేవాణ్ణి. పొగ పాలలా వచ్చేది. ఆఫీసు జీపు రోడ్డు మలుపు తిరగ్గానే మళ్ళీ బొగ్గు. కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ కిటుకు ఎవరో ఒకరు నేర్పుతారు. నేర్చుకోకండి.

కొన్నాళ్ళకి అది కుదరక, సావుకారుగారు చిమ్నీ ఎత్తు పెంచేరు. మా వడియాలు తెల్లబడ్డాయి. కాలనీ అంతా సంతోషించింది. పైడమ్మ ఒక్కర్తే అడిగింది.

"మసి మానేసిందా, ఇల్లు మారిందా?"

"ఏటే నీ గోల. మనకి పడ్డం నేదు గదా."

"ఎవులికి పడతందో సూసేవా?"

చూడలేదు. ఆ వేసవిలో మిల్లులో బస్తాలు మోసే సుక్రి అనే దేశియా ఆవిడ ఒక గుప్పెడు ఇప్పపువ్వు తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ళది కొండ వాలులో ఊరు. పువ్వు మీద సన్నగా నల్లటి పొడి. పెట్టి, మళ్ళీ బస్తాల వైపు వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ పొద్దు తిన్నగా అన్నం తినలేకపోయాను.

కనపడనిది

రెండువేల సంవత్సరం దాటేక మసి పట్టే యంత్రం బిగించేరు. ఆఫీసోళ్ళు గట్టిగా పట్టుకున్నారు కాబట్టే బిగించేరు, సావుకారుగారికి బుద్ధి పుట్టి కాదు. చిమ్నీ మీద పొగ ఇంచుమించు కనపడ్డం మానేసింది. నేను గర్వంగా ఉండేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఆఫీసు నుంచి ఒక కుర్ర ఇంజినీరమ్మ వచ్చింది. ఒడియా అమ్మాయి, నన్ను 'మౌసా' అని, వాళ్ళ భాషలో బాబాయ్ అని, పిలిచేది. నేను చిమ్నీ చూపించి, "సూడమ్మా, ఏటైనా కనపడతందా?" అన్నాను, నాకొచ్చిన ఒడియాలో.

ఆ పిల్ల పైకి చూడలేదు. బొగ్గు కుప్ప చూసింది. "రోజుకి ఎంత కాలుస్తారు మౌసా?"

"రెండు లారీలు."

"బూడిద ఎంత వస్తుంది?"

"తట్టలు చెప్పాలా? రెండు లారీలకి అర లారీ కూడా రాదు."

"మిగతాది ఎక్కడికి పోయింది?"

అన్నేళ్ళు పారలతో ఎత్తి పోసేను. ఎంత పోసేనో తెలుసు, ఎంత బూడిద తీసేనో తెలుసు. మధ్యలోది ఏమయిందని ఎప్పుడూ అడుక్కోలేదు.

ఆ పిల్ల పలక మీద రాసినట్టు నిదానంగా చెప్పింది. మసి బరువు, కింద పడిపోతుంది. బొగ్గులో ఎక్కువ పాలు మాత్రం రంగూ వాసనా లేని వాయువైపోయి పైకి పోతుంది. అది కింద పడదు. ఏళ్ళకేళ్ళు పైనే ఉంటుంది. భూమి వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు.

"ఊక కాలిస్తే అది రాదా అమ్మా?" అన్నాను.

"వస్తుంది మౌసా. కానీ ఊక ఈ ఏటి వరిది. ఆ వరి గాలిలోంచి తీసుకున్నదే మళ్ళీ గాలిలోకి పోతుంది. వచ్చే ఏటి వరి మళ్ళీ తీసుకుంటుంది. బొగ్గు అలా కాదు. ఎప్పటి అడవులో, ఎంత లోతున పడుకుని ఉన్నవో. వాటిని తవ్వి తెచ్చి మీరు లేపుతున్నారు. దాన్ని తిరిగి తీసుకునేంత వరి ఎక్కడుంది?"

"దానికెంత హద్దు పెట్టేరు? గేజీ ఎక్కడ సూడాల?"

ఆ పిల్ల ముఖంలో చిరునవ్వు పోయింది. "మసికి ఉంది, మౌసా. దీనికి మాత్రం మీ మిల్లుకి హద్దు లేదు. నా ఫారంలో దానికి గడే లేదు."

అదే నా రెండో భయం. ఒక్క గదిలో పట్టే బాయిలర్‌కే గీత, గేజీ, వాల్వు, సీలు, ఏడాదికో ఇన్‌స్పెక్టరు. అది పేలితే మిల్లు పోతాది, మహా అయితే రోడ్డు పక్క కాలనీ. లోకం మొత్తం మీద కప్పుతున్నదానికి మాత్రం గేజీ లేదు. ఇంటికెళ్ళి పైడమ్మతో చెప్పేను. ఆవిడ కూర తరుగుతూ విని, "అయితే సుక్రి వాళ్ళ ఊరు దాటి ఇంకెక్కడికో పోనాదన్నమాట మీ మసి. ఈసారి ఎవులూ పువ్వులట్టుకుని రారు సూపించడానికి" అంది.

విచారణ

రెండేళ్ళకి సావుకారుగారు రెండో బాయిలర్ తెచ్చేరు. పెద్దది, పూర్తిగా బొగ్గుదే. దాన్ని వెలిగించాలంటే కాలుష్యం ఆఫీసు అనుమతి కావాలి. కొండ వాలు ఊళ్ళవాళ్ళు మసి సంగతి రాసి అర్జీ పెట్టేరు. అందుకని అధికారి మిల్లు ఆవరణలోనే టార్పాలిన్ కట్టించి విచారణ పెట్టేరు.

ముందు రోజు సావుకారుగారు నన్ను గదిలోకి పిలిచేరు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అంతకు ముందెప్పుడూ కూర్చోమనలేదు. అక్కడే నాకు భయం మొదలైంది.

"నీ కంటే ఈ నిప్పు సంగతి తెలిసినోడు లేడు. నువ్వు లేచి ఒక్క మాట చెప్పు. పొగ రాదని. అది నిజమే కదా?"

"కనపడదు బావూ, నిజమే. కానీ ఆ కనపడనిది..."

"తెలుసురా. ఆ అమ్మాయి నాకూ చెప్పింది." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు. "నేను తగ్గించుకుంటాననుకో. పార్వతీపురం మిల్లు తగ్గించుకుంటుందా? వాడి బియ్యం చవకవుతుంది, నా బియ్యం గోదాంలో పుచ్చిపోతుంది. ఆరు నెలల్లో తాళం వేస్తాను. అరవైమంది రోడ్డున పడతారు, నీతో సహా. నా ఒక్కడి మంచితనంతో ఆకాశం చల్లబడిపోతుందా?"

ఆయన చెడ్డమాట అనలేదు. నేను ఇన్నాళ్ళు ఆలోచించినా ఆ లెక్కలో తప్పు దొరకలేదు.

ఇంటికొచ్చి పైడమ్మని అడిగేను. మేముండేది మిల్లు క్వార్టర్లో, పెద్దమ్మి పదో తరగతి, చిన్నది ఇంకా చిన్నదే. నోరు జారితే రేపట్నుంచి ఎక్కడుండాలి? నోరు మూసుకుంటే మావ చెయ్యి గుర్తొస్తోంది. "ఏటి సెయ్యమంటావే?"

"అబద్ధం ఆడకు, కాళ్ళ మీద గొడ్డలి ఏసుకోకు" అంది. "రెండూ కుదిరే మాట ఉందేమో సూడు."

విచారణ రోజు నన్ను పేరు పెట్టి పిలిచేరు. సావుకారుగారు ముందు వరసలో. సుక్రి, వాళ్ళ ఊరివాళ్ళు కింద గోనెల మీద. ఇంజినీరమ్మ అధికారి పక్కన ఫైలు పట్టుకుని.

"బావూ, మసి తగ్గింది. మీరు హద్దు పెట్టి గట్టిగా పట్టుకున్నారు కాబట్టే తగ్గింది. మా సావుకారిగారు మంచోరు, నేనూ మంచోణ్ణే, మా మంచితనం వల్ల మాత్రం తగ్గలేదు" అన్నాను. జనం నవ్వేరు. సావుకారుగారు కూడా ఒక్క క్షణం నవ్వేరు. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఇప్పుడు కనపడకుండా పోయేది ఒకటుంది. దానికి కూడా హద్దు పెట్టండి. ఊరికే మా మిల్లుకొక్కదానికే పెట్టకండి, మేం సచ్చిపోతాం. పార్వతీపురం మిల్లుకీ పెట్టండి, ఒరిస్సాలో, ఆంధ్రాలో, బొగ్గు కాల్సే ప్రతివోడికీ ఒకటే పెట్టండి. కొద్దికొద్దిగా తగ్గించుకోమని ఏళ్ళు గడువివ్వండి. అందరికీ ఒకటే అయితే మా సావుకారిగారు ఎందుకు భయపడతారు? ఆవిరితో పని లేనోళ్ళు మీరే. మీరు గియ్యకపోతే ఇంకెవులూ గియ్యరు."

కూర్చున్నాను. అధికారిగారు చాలా మర్యాదగా, నిజంగా మర్యాదగానే జవాబిచ్చేరు. "మీరు చెప్పింది పై వాళ్ళు చెయ్యాల్సిన పని. చట్టం చేసేవాళ్ళది. నేను ఉన్న చట్టం ప్రకారమే చూడగలను. మసి హద్దులో ఉంది." నేను చెప్పినది రాసుకోమని పక్కనున్న గుమస్తాకి చెప్పేరు. ఇంజినీరమ్మ తల వంచుకుని ఉంది. ఆ గుమస్తా ఎక్కడ రాయాలో తెలియక కాగితం వెనక్కి తిప్పి రాసేడు. నేను చూసేను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను ఇక్కడే అడుగుతారు. "నీ ఉద్యోగం పోయిందా మావా?" అని. పోలేదు. సావుకారుగారు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "నువ్వన్నదాంట్లో సగం నాకూ ఇష్టమేరా. ఆ సగం వచ్చినరోజు చూద్దాం" అన్నారు. అనుమతి వచ్చింది.

రెండో బాయిలర్ వెలిగించినది నేనే. నేను వెలిగించకపోతే ఇంకొకడు వెలిగించేవాడు అనుకున్నాను. సావుకారుగారు పార్వతీపురం మిల్లువాణ్ణి చూపించి అదే మాట అన్నారు. పార్వతీపురం మిల్లులో నాలాటివాడు ఎవడో మమ్మల్ని చూపించి అదే మాట అనుకుని ఉంటాడు. ఇంతమందిమి ఒకే మాట అనుకుంటున్నప్పుడు దాన్ని ఏ ఒక్కడూ ఆపలేడు. అందుకే చట్టం కావాలంటాను. చదువుకున్నవాళ్ళు దాని మీద ఇంకా వాదించుకుంటున్నారని మా అమ్మి పేపరు చదివి చెప్తాది. వాళ్ళెవరూ బొగ్గు ఎత్తి పోసి ఉండరు.

ఆ పొద్దు సావుకారుగారు కొబ్బరికాయ కొట్టేరు. నేను కాగడా లోపలికి దూర్చేను. బొగ్గు అంటుకోడానికి కొంతసేపు పట్టింది, తర్వాత గట్టిగా అందుకుంది. అందరూ బయటికొచ్చి తల ఎత్తి చిమ్నీ చూసేరు. పైన ఏమీ కనపడలేదు. ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంది. ఎవరో చప్పట్లు మొదలెట్టేరు. అందరూ కొట్టేరు. నేనూ కొట్టేను.